కంప్యూటర్ మౌంట్ కట్టర్ వాడేవాళ్లకి నాలుగు మాటలు
గవర్నర్‌పేటలో మా ఫ్రేమ్ షాపులో రోజూ ఈ మెషిన్ మీదే, అంటే ఫ్రేములో ఫొటో చుట్టూ వచ్చే మౌంట్ బోర్డుని కోసే మెషిన్ మీదే ఉంటా కాబట్టి చెప్తున్నా, కొలతలు మాత్రం మీరే స్కేలు పెట్టి చూసుకోండి, కస్టమర్ 8 బై 10 అన్నా సరే కొలవాల్సిందే. కిటికీ, అంటే ఫొటో కనపడేలా బోర్డు మధ్యలో కోసే ఖాళీ, ప్రతి వైపూ ఫొటో కన్నా 1/8 అంగుళం తక్కువ పెట్టాలి, అంటే 7¾ బై 9¾, లేకపోతే ఫొటో జారి అంచు బయటికి కనపడుద్ది.

బ్లేడు దగ్గర పిసినారితనం వద్దండి. 45 డిగ్రీల వాలు కోత మీద వేలితో రాసి చూడండి, నున్నగా ఉండాలి, పీచు తగిలిందంటే బ్లేడు అయిపోయినట్టే. మూల దగ్గర గీత దాటిపోతే ఓవర్‌కట్, మధ్య ముక్క ఊడి రాకపోతే అండర్‌కట్, సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మూలకి కొంచెం కొంచెం మార్చి వేస్ట్ ముక్క మీద కోసి చూశాకే మంచి బోర్డు పెట్టండి. అతుక్కున్న ముక్కని అసలు లాగొద్దు, మూల చిరిగితే బోర్డు మొత్తం పోయినట్టే, కొత్త బ్లేడుతో మెల్లగా విడదీయండి.

ఇంకోటి, మన బెజవాడ వానాకాలం తేమకి బోర్డు వంగుద్ది, అప్పుడు కోత ఒకచోట లోతుగా ఒకచోట పైపైన పడుద్ది, అందుకే షీట్లు గోడకి ఆనించకుండా పడుకోబెట్టి ఉంచండి. కాగితం దుమ్ము రోజూ తుడవాలి.