చలికాలం చదువు, 4వ పాఠం: గూడెక్కడో సొంతూరక్కడే

ఈ వారం చెట్ల గురించి చెప్పాలి. చెబుతాను, కానీ ముందు పోయిన పాఠం సంగతి తేల్చుకుందాం. మీ దగ్గర చలికాలంలో కనిపించే పక్షి ఎందుకొచ్చిందో రాయమన్నాను. టెక్కలి వైపు వాళ్లలో చాలామంది రాసింది ఒకటే: తేలినీలాపురం ఊరి పెలికాన్లు (గూడబాతులు) సైబీరియా చలికి తట్టుకోలేక వచ్చి, ఇక్కడ పిల్లల్ని చేస్తున్నాయని. ఊళ్లో అందరూ అనే మాటే కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఇది సరిచేసుకోకపోతే రాబోయే పాఠాలేవీ బుర్రకెక్కవు.

సైబీరియా నుంచి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. సూదితోక బాతును చూడండి. అది ఎండాకాలంలో సైబీరియా వైపు గుడ్లు పొదుగుతుంది. అక్కడి చెరువులు గడ్డకడితే తిండి అందదు కాబట్టి మన చెరువులకొస్తుంది. కడుపునిండా తిని, ఒంట్లో కొవ్వు చేర్చుకుని, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతుంది. పొలం గట్ల మీద తోకాడిస్తూ పరిగెత్తే తెల్ల జిట్టంగి కూడా అంతే. ఈకలున్న పక్షి చలికి బాగానే ఓర్చుకుంటుంది, ఆకలికే ఓర్చుకోలేదు.

తేలినీలాపురంలో గూళ్లు కట్టే పెలికాన్, పెయింటెడ్ స్టార్క్ అనే కొంగ మన దక్షిణాసియా పక్షులే. మరి చలికాలమే ఎందుకు? వానలు వెళ్లిపోయాక చెరువుల్లో నీళ్లు తగ్గుతాయి, చేపలు కొద్ది నీళ్లలో గుంపవుతాయి. పిల్లల నోళ్లు నింపాల్సిన పక్షికి అదే మంచి సీజన్. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వెళ్తే అక్కడి నత్తగుల్ల కొంగలు వానల్లోనే గూడు కడతాయి. వాటికి కావలసింది నత్తలు, నత్తలు పైకొచ్చేది వానకే. రెండు ఊళ్లూ శ్రీకాకుళం జిల్లావే, ఒకచోట గూళ్లకు వానాకాలం, మరోచోట చలికాలం. ఏ పక్షినైనా ముందు పేరుతో కాదు, తిండితో పట్టుకోండి. నేను నోట్‌బుక్‌లో పేరుకి గడి కూడా చివరనే పెట్టుకుంటాను.

బారువ తీరం తాబేళ్ల గురించి ఒకరు అడిగారు. ఆలివ్ రిడ్లే అనే ఈ సముద్రపు తాబేళ్లు చలికాలం చివర్లో ఇసుకలో గుడ్లు పెడతాయి. ఇసుక చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ పుడతాయి. మిగతాది ఇంకో పాఠంలో.

ఇక చెట్లు. మామిడి పూతకి చల్లని రాత్రులు కావాలి. టేకు ఆకు రాల్చేది మాత్రం చలికి కాదు, నేలలో తడి తగ్గినందుకు. వరి కోతకి ముందు చేలో చల్లిన మినుము, పెసర ఆ మిగిలిన తడితోనే పండుతాయి. చామంతి లెక్క వేరు, అది రాత్రి పొడవు చూసి మొగ్గ తొడుగుతుంది. వీధిలైటు పడే కుండీలో పూత ఆలస్యమయ్యేది అందుకే.

అభ్యాసం కష్టంగానే ఉంటుంది. ఊరి చెరువు ఒకటి ఎంచుకుని, అంచున గుర్తులు గీసిన కర్ర పాతండి. ఉగాది దాకా ప్రతి ఆదివారం తెల్లారగానే గంటసేపు కూర్చుని నీటిమట్టం, వచ్చిన పక్షులు, అవి తిన్నవి, ఏ పక్షి నోట్లోనైనా గూటికి పుల్ల ఉందేమో రాయండి. పుల్ల మోసే పక్షి కనిపిస్తే దూరం నుంచే చూడండి, గూడున్న చెట్టు కిందికి వెళ్లొద్దు. మధ్యలో ఒక ఆదివారం తప్పితే ఆ గడి ఖాళీగానే ఉంచండి, ఊహించి నింపొద్దు.