ర్యామ్ పాఠాలు – 4: డీడీఆర్ తరాల మధ్య అసలు తేడా

కిందటి పాఠంలో ఒక్కో బిట్టూ బుల్లి కెపాసిటర్‌లో ఎలా నిలుస్తుందో, దాన్ని మాటిమాటికీ ఎందుకు రిఫ్రెష్ చేయాలో చూశాం. ఆ కెపాసిటర్ల గడులు గుర్తున్నాయిగా? ఈ పాఠమంతా వాటి బద్ధకం చుట్టూనే.

డీడీఆర్ అంటే డబుల్ డేటా రేట్, ఒక్కో క్లాక్ టిక్కుకు రెండుసార్లు డేటా పంపే ర్యామ్. దాని తరం మారినప్పుడల్లా వేగం ఇంచుమించు రెట్టింపయింది. గడులు మాత్రం పెద్దగా వేగం పుంజుకోలేదు. పెరిగింది ఒక్కసారికి వాటినుంచి లాగే బిట్ల సంఖ్య. దీన్ని ప్రీఫెచ్ అంటారు. ఒక్కో డేటా పిన్నుకు మొదటి డీడీఆర్‌లో 2 బిట్లు, డీడీఆర్2లో 4, డీడీఆర్3లో 8.

డీడీఆర్4 దగ్గర చిక్కొచ్చింది. మాడ్యూల్ (ర్యామ్ పలక) డేటా దారి వెడల్పు 64 బిట్లు, అంటే 8 బైట్లు. లాగిన 8 బిట్లు ఒక్కో పిన్ను మీద ఒకదాని వెనక ఒకటి 8 విడతల్లో వెళ్తాయి, అంటే మొత్తం 64 బైట్లు. మామూలు ప్రాసెసర్ క్యాష్ లైన్ (ప్రాసెసర్ తన క్యాష్‌లోకి ఒక్కసారి తెచ్చుకునే డేటా ముక్క) కూడా సరిగ్గా అంతే. ప్రీఫెచ్ 16 చేస్తే 128 బైట్లు వచ్చిపడతాయి, సగం దండగ కావచ్చు. అందుకే డీడీఆర్4 ఆ 8ని కదపకుండా, బ్యాంకులను (చిప్పులోని గడుల విభాగాలను) గ్రూపులుగా విడదీసి వంతులవారీగా పని చేయించింది. డీడీఆర్5 మాత్రం 16కే వెళ్లింది, కానీ దారిని రెండు 32 బిట్ల దారులుగా చీల్చింది. 4 బైట్లు, 16 విడతలు: మళ్లీ 64. నాకు ఈ తరంలో బాగా నచ్చిన ఎత్తు ఇదే.

వోల్టేజీ 2.5 నుంచి 1.8, 1.5, 1.2 మీదుగా 1.1కి దిగింది. డీడీఆర్4, డీడీఆర్5 డెస్క్‌టాప్ మాడ్యూళ్లు రెండింటికీ 288 పిన్నులే అయినా గాడి వేరేచోట ఉంటుంది. ఎక్కకపోతే బలవంతంగా నొక్కకండి.

ఇక లేబుల్ చదువుదాం. పీసీ3-12800 అని ఉంటే ఆ 12800 సెకనుకు మెగాబైట్లు. దాన్ని మాడ్యూల్ వెడల్పు 8 బైట్లతో భాగించండి: 1600, అంటే సెకనుకు అన్ని మిలియన్ల విడతలు. అది డీడీఆర్3-1600 అన్నమాట. పక్కన సీఎల్ (అడిగాక డేటా రావడానికి పట్టే క్లాక్ టిక్కుల సంఖ్య) 11 ఉందనుకోండి. సీఎల్‌ను 2000తో గుణించి 1600తో భాగిస్తే 13.75 నానోసెకన్లు. అడిగిన వరుస తెరిచి ఉంటే, మొదటి బిట్ బయటికి రావడానికి పట్టే సమయమిది. డీడీఆర్4-3200, సీఎల్ 22కి కట్టి చూడండి. అదే 13.75! గడుల బద్ధకం అంకెల్లో దొరికిపోయింది.

అభ్యాసం: డీడీఆర్5-4800, సీఎల్ 40కి ఇదే లెక్క కట్టండి. ఆలస్యం తగ్గదు, పెరుగుతుంది. అయినా పెద్ద ఫైళ్లు కదిలించేటప్పుడు ఇదే ఎందుకు ముందుంటుందో రెండు వాక్యాల్లో రాసుకోండి. 5వ పాఠం, డ్యూయల్ చానల్, అక్కణ్నుంచే మొదలుపెడదాం.