సైటులో ఫైల్ అప్‌లోడ్ పెట్టే ముందు జాగ్రత్తలు

పలాస జీడిపప్పు వ్యాపారులు బిల్లులు పంపే సైటు కావచ్చు, విజయనగరంలో కాలేజీ అడ్మిషన్ ఫారం కావచ్చు. అప్‌లోడ్ బటన్ తెరిచే ముందు ఇవి చూసుకోండి.

• తీసుకునే రకాలు ముందే రాసుకోండి: జేపీజీ, పీఎన్‌జీ, పీడీఎఫ్. మిగతావన్నీ ఆపేయండి. ‘ఇవి వద్దు’ అనే జాబితా పెడితే ఏదో ఒకటి మర్చిపోతాం.

• పేరు చివర ఉన్నది నమ్మకండి. బ్రౌజర్ చెప్పే ఫైల్ రకాన్నీ ఎవరైనా మార్చి పంపగలరు. మొదటి బైట్లు చూడండి: జేపీజీ అయితే ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్‌తో మొదలవుతుంది. అదీ చాలదు, అసలైన ఫొటోలోనే పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష) కోడ్ దాచొచ్చు. అందుకే ఫొటోని సర్వర్‌లో మళ్లీ కొత్తగా సేవ్ చేయించండి. ఫొటో తీసిన చోటు వివరాలు కూడా అప్పుడే తీసేయించండి.

• అన్నిటికన్నా ముఖ్యం: అప్‌లోడ్ ఫోల్డర్‌లో కోడ్ నడవకూడదు. శ్రీకాకుళంలో నేను చేసిన మొదటి సైటులో ఆ ఫోల్డర్‌కి 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు) ఇచ్చేశాను. ఒకరోజు పొద్దున్నే చూస్తే, పిల్లల మార్కుల లిస్టుల మధ్య ‘మార్క్స్.జేపీజీ.పీహెచ్‌పీ’ అని ఒక ఫైల్. గుండె జారిపోయింది. ఆ రోజంతా సైటు ఆపేసి ప్రతి ఫోల్డరూ వెతుక్కున్నాను. ఆ టెన్షన్ మీకు వద్దు. ఫోల్డర్‌ని వెబ్ రూట్ (బ్రౌజర్‌లో నేరుగా తెరుచుకునే ఫోల్డర్) బయట పెట్టండి, ప్రతి ఫైల్‌కీ మీరే కొత్త పేరు ఇవ్వండి.

• ఎస్‌వీజీ (కోడ్ రూపంలో ఉండే బొమ్మ ఫైల్) వద్దు. అందులో చూసేవాళ్ల బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ కోడ్ పెట్టొచ్చు.

• సైజు హద్దు పీహెచ్‌పీలో మామూలుగా 2 ఎంబీ, ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో 1 ఎంబీ. ఫోన్ ఫొటోలకి అది సరిపోదు, రెండు చోట్లా పెంచాలి. నేనైతే 5 ఎంబీ దగ్గర ఆపుతాను.

• ఆధార్ కాపీలు లాగిన్ లేకుండా తెరుచుకోకూడదు.

• చివరగా మీరే ఒక పీహెచ్‌పీ ఫైల్ ఎక్కించి చూడండి. ఎక్కిందంటే బటన్ ఇంకా తెరవకండి.