నూనె మంటకు ఏ ఎక్స్‌టింగ్విషర్ కొనాలి?

వంటింటికి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కావాలని అడిగితే చాలా దుకాణాల్లో 'ఏబీసీ' అని రాసి ఉన్న డ్రై పౌడర్ సిలిండర్‌నే చేతిలో పెడతారు. ఈ అక్షరాలు మంట తరగతులు: ఏ అంటే కట్టె, కాగితం, గుడ్డ వంటివి. బి అంటే పెట్రోలు, కిరోసిన్ వంటి ద్రవాలు. సి అంటే గ్యాస్. మూకుడులో మరిగే వంటనూనెకు ఎఫ్ అనే వేరే తరగతి ఉంది. అమెరికాలో దాన్నే కె అంటారు.

నూనె సుమారు 350 డిగ్రీల సెల్సియస్ దాటితే పైనుంచి నిప్పు తగలకపోయినా అంటుకోగలదు. పౌడర్ మంటను అణచినా నూనెను చల్లార్చదు కనుక, ఆ పొడి తొలగిపోగానే మంట మళ్లీ లేచే ప్రమాదం ఉంది. కార్బన్ డయాక్సైడ్ రకమూ నూనెను చల్లార్చలేదు, పైగా దాని ధాటికి మండే నూనె చిందవచ్చు. నీళ్ల మాట ఎత్తనే కూడదు; అవి నూనె అడుగుకు దిగి, దాదాపు 1,700 రెట్లు ఆవిరిగా ఉబ్బి, మండే నూనెను పైకి ఎగజిమ్ముతాయి.

ఈ మంటకు తగినది వెట్ కెమికల్ రకం. పొటాషియం ఎసిటేట్ వంటి లవణాల ద్రావణం అందులోంచి సన్నని తుంపరగా వచ్చి, వేడి నూనెతో కలిసి సబ్బులాంటి నురగగా మారి, గాలి అందకుండా కప్పేయడమే కాక నూనెను చల్లారుస్తుంది కూడా. ఇంటికి 2 లీటర్లది చాలు. రోజంతా బజ్జీలు వేసే కర్రీ పాయింటుకు 6 లీటర్లది మేలు. కొనేటప్పుడు లేబుల్ మీద ఎఫ్ అక్షరం, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15683 ప్రమాణ సంఖ్య, తయారీ తేదీ ఉన్నాయో లేదో, పీడనం చూపే గేజ్ ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందో లేదో చూడాలి. ఇంట్లో వంట చేసేవారు దాన్ని ఒక్కసారి ఎత్తి చూడటం, నా దృష్టిలో, ధర కంటే ముఖ్యమైన పరీక్ష.

తలుపు తెరకో, అలమరకో అంటుకునే మంటకు పౌడర్ బాగానే పనిచేస్తుంది కాబట్టి వీలైతే రెండూ ఉంచుకోవాలి. ఒక్కటే కొనగలిగితే, పిండివంటలు తరచుగా చేసే ఇంటికి వెట్ కెమికలే సరైనది. మిక్సీ, ఓవెన్ దగ్గర మంట వస్తే మాత్రం ముందు మెయిన్ స్విచ్ ఆపాలి.

గ్యాస్ పైపు దగ్గర మంటైతే, చేయి చేరే వీలుంటే ముందుగా రెగ్యులేటర్ కట్టేయాలి. గ్యాస్ ఆగకుండా మంట ఒక్కటే ఆర్పితే, గాలి కంటే బరువైన ఎల్‌పీజీ నేల మీద పరుచుకుని మళ్లీ ఎక్కడైనా అంటుకుంటుంది. గ్యాస్ లీకైతే 1906కు, మంట చిమ్నీలోకి పాకితే బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయాలి.

ఎక్స్‌టింగ్విషర్‌ను పొయ్యి పక్కన కాక, వంటింటి గుమ్మం దగ్గర తగిలించాలి. పౌడర్ రకాన్ని క్షణంపాటు నొక్కినా రీఫిల్ తప్పనిసరి, ఎందుకంటే వాల్వులో చిక్కిన పొడి వల్ల పీడనం మెల్లగా జారిపోతుంది.