హైదరాబాద్ నుంచి బెంగళూరు మారే ముందు ఈ లెక్క వేసుకోండి

బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, జీతం 20 శాతం ఎక్కువ ఇస్తామంటున్నారు, వెళ్లాలా వద్దా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: రెండు ఊళ్లని కాదు, మీ ఇంటి ఖర్చుని పోల్చుకోండి. ఫలానా ఊరు ఇంత శాతం ఖరీదు అని ఆన్‌లైన్‌లో కనిపించే అంకెలు సగటు లెక్కలు, వాటిలో మీ పిల్లల స్కూలూ ఉండదు, మీ అమ్మగారి మందులూ ఉండవు.

ముందు గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ హిస్టరీ తీసి అద్దె, కరెంటు, నీళ్లు, పాలు, పెట్రోలు, ఫీజులు, పనిమనిషి, సొంతూరికి ప్రయాణాలు అని విడివిడిగా రాయండి. ఒక్కోదాని పక్కన అక్కడ ఎంతవుతుందో రాయండి, అదీ మీ ఆఫీసు దగ్గరి ఏరియా రేటే. ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో ఉంటే ఊరికి అవతలి చివరున్న కెంగేరి అద్దె చూసి సంతోషపడొద్దు. 2025లో ఛార్జీలు పెంచాక అక్కడి మెట్రోలో గరిష్ఠ టికెట్ 90 రూపాయలు అయింది, మన దగ్గర 69. రోజూ రానూపోనూ లెక్కేస్తే ఆ అద్దె మిగులు ఎంతోకాలం నిలవదు, పైగా రోజుకి రెండు మూడు గంటలు దారిలోనే పోతాయి.

అందరూ మర్చిపోయేది అడ్వాన్స్. హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అద్దె ఇస్తే చాలు, బెంగళూరులో ఐదారు నెలలది అడుగుతారు, కొందరు పది నెలలది కూడా. అద్దె 30,000 అనుకోండి, 60,000 బదులు 1,80,000 కట్టాలి. అదనంగా ఇరుక్కున్న 1,20,000కి ఏడు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 8,400, అంటే నెలకి 700. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం అక్కడ మామూలే, రెండేళ్లుంటే అది నెలకి 1,250. ఈ రెండూ కలిపితేనే దాదాపు 2,000. మా ఓనర్ మా దగ్గర పట్టుకున్నప్పుడు చాలా బాధనిపించింది, కానీ అగ్రిమెంట్‌లో ఆ మాట ఉంది, మేమే చదవలేదు. సంతకానికి ముందే అడిగి తగ్గించుకోండి.

నీళ్ల గురించి కూడా గట్టిగా అడగండి. హైదరాబాద్‌లో నెలకి 20,000 లీటర్ల దాకా ఉచితం, బెంగళూరు శివారు అపార్ట్‌మెంట్లు చాలావరకు బోర్లూ ట్యాంకర్ల మీదే నడుస్తాయి, 2024 ఎండాకాలంలో ఎంత ఇబ్బంది పడ్డారో అందరికీ తెలుసు. ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే ఉందా, విడిగా వేస్తారా అన్నది కనుక్కోండి.

కారు తీసుకెళ్తే 12 నెలలు దాటాక అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ టాక్స్ కట్టాలి. కర్ణాటకలో ఆ టాక్స్ బాగా ఎక్కువ, బండి వయసుని బట్టి కొంత తగ్గుతుంది. రెండు మూడేళ్లే ఉండేట్టయితే కారు తీసుకెళ్లడం అవసరమా అని ఒకసారి ఆలోచించండి.

తగ్గేవీ ఉన్నాయి. ఏసీ లేకుండా గడిచిపోతుంది కాబట్టి ఎండాకాలం కరెంటు బిల్లు తగ్గుతుంది. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి అద్దెకున్నవాళ్లకీ వర్తిస్తుంది, అయితే మీకంటే ముందున్నవాళ్ల ఆధార్ ఆ మీటర్ నుంచి తీయించాలి. నందిని పాలు చవక, పెట్రోలూ కాస్త తక్కువే. ఆడవాళ్లకి ఉచిత బస్సు రెండుచోట్లా ఉంది కానీ అక్కడ కర్ణాటక అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి, కాబట్టి ఆధార్ మారేదాకా టికెట్ ఖర్చు రాసుకోండి.

పిల్లలుంటే స్కూలుకి ఫోన్ చేసి అడ్మిషన్ ఫీజుతో పాటు కన్నడ ఏ క్లాసు నుంచి చదవాలో అడగండి, ట్యూషన్ పెట్టాల్సి రావచ్చు.

ఇదంతా కూడి, చేతికొచ్చే జీతంలో తేడాతో పోల్చండి, కంపెనీ చూపించే మొత్తం ప్యాకేజీతో (సీటీసీ) కాదు. సరిపోకపోతే సామాన్లు తరలించే ఖర్చు, మొదటి పదిహేను రోజుల బస కంపెనీనే భరించమని ఆఫర్ ఒప్పుకోకముందే హెచ్‌ఆర్‌ని అడగండి, చేరాక అడిగితే ఇవ్వరు.