వేరుబుడిపె నులిపురుగు: కుండీ పరీక్ష ఎక్కడ తప్పుతోంది?

ఆమదాలవలస వైపు గోగు, వంగ, టమాటా వేసే ఇసుక కలిసిన నేలల్లో మొక్క మిట్టమధ్యాహ్నం వాడిపోతుంది. పీకి చూస్తే వేరు అల్లం కొమ్ములా ఉబ్బి ఉంటుంది. ఇది మట్టిలో ఉండి వేరులో దూరే, కంటికి ఆనని వేరుబుడిపె నులిపురుగు పని. ఏ రకం దీన్ని తట్టుకుంటుందో కుండీల్లో తేల్చుకోవాలనుకునేవారికి ఎదురయ్యే చిక్కులివి.

ఏ రకానికీ బుడిపెలు రాలేదు

అప్పుడే సంబరపడకండి. పురుగుకు తేలిగ్గా లొంగే రకం ఒకటి పక్కనే పెట్టారా? టమాటాలో అయితే పూసా రూబీ. దాని వేర్లు కూడా నున్నగా ఉంటే కుండీల్లో పురుగు బతికి లేదన్నమాట, పరీక్ష జరగనట్టే లెక్క. మొదటిసారి నేను ఆ కుండీ పెట్టకుండానే ఒక వంగ రకం మంచిదని చెప్పేశాను. "ఏటి బావూ, ఏర్లు నున్నగున్నాయన్నావు కదా" అంటూ ఒక పెద్దాయన తన మడిలోంచి పీకిన మొక్కను నా చేతిలో పెట్టాడు. వేరు పొడవునా సెనగగింజంత బుడిపెలు. ఆ పంట నష్టం ఆయనది, తప్పు నాది.

ఈ పరీక్షకు బుడిపెలున్న వేర్ల నుంచి గుడ్లు తీసి, వాటిలోంచి వచ్చిన పిల్లపురుగులను కుండీ మట్టిలో పోస్తాం. పురుగు చావడానికి కారణం ఎక్కువగా గుడ్లు తీసే దగ్గరే ఉంటుంది. వేరు ముక్కలను 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్‌ (బ్లీచు ద్రావణం)లో 4 నిమిషాలకు మించి కుదపకూడదు. వెంటనే సన్న జల్లెడ మీద మంచినీళ్లతో బాగా కడగాలి. పిల్లపురుగులను రోజుల తరబడి నిల్వ ఉంచితే నీరసించిపోతాయి. కిలో మట్టికి 2000 చొప్పున, వేర్ల చుట్టూ మూడు నాలుగు చిన్న గుంతలు చేసి పోయండి. మట్టిని ముందే ఆవిరి పట్టి చల్లార్చాలి, కుండీలో నీరు నిలవకూడదు.

తట్టుకుంటుందన్న టమాటాకే బుడిపెలు వచ్చాయి

విత్తనాన్ని తిట్టేముందు మట్టిలో థర్మామీటరు గుచ్చండి. టమాటాకు ఈ శక్తినిచ్చేది 'మి' అనే జన్యువు. సొలానమ్ పెరువియానం అనే అడవి జాతి నుంచి 1940లలో తెచ్చారు. మట్టి వేడి 28 డిగ్రీలు దాటితే అది సరిగా పనిచేయదు. మే నెలలో డాబా మీద నల్ల పాలిథిన్ సంచుల్లో పెడితే ఇంకేం చెప్పాలి!

కుండీలను అంచుదాకా నేలలో పాతి, పైన ఎండుగడ్డి పరిచి, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పరీక్ష ముగించండి. అయితే మీ పంట వేసవిదైతే వేసవిలోనూ ఒకసారి పెట్టాల్సిందే. చలికాలంలో నెగ్గిన రకం ఎండల్లో లొంగిపోవచ్చు.

మట్టి చల్లగా ఉన్నా ఒకటి రెండు మొక్కలకే బుడిపెలుంటే విత్తనంలో కల్తీ ఉందేమో చూడాలి. అన్నిటికీ ఉంటే ఆ జన్యువును దాటగల పురుగు మీ నేలలో ఉందేమోనని అనుమానించాలి.

మినుము, పెసర వేర్లకు బుడిపెలు

గోటితో తోస్తే ఊడివచ్చి, లోపల గులాబీ రంగుంటే అవి మొక్కకు నత్రజని అందించే మంచి బుడిపెలు. వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. నులిపురుగు బుడిపె ఊడదు, అక్కడ వేరు తానే ఉబ్బి ఉంటుంది.

బుడిపెలు తక్కువే, తర్వాతి పంటకు మాత్రం దెబ్బ

బుడిపెలు లెక్కపెట్టి ఊరుకోవడమే ఇక్కడ పొరపాటు. కొన్ని మొక్కలు పెద్దగా ఉబ్బకుండానే పురుగును పెంచేస్తాయి. పురుగును పోసిన 45 రోజులకు వేర్లు మెల్లగా కడిగి, ఫ్లాక్సిన్-బి రంగునీళ్లలో పావుగంట ఉంచండి. వేరు మీది గుడ్లముద్దలు ఎర్రటి చుక్కల్లా కనబడతాయి, ఒక్కో దానిలో వందల గుడ్లు. భూతద్దంతో లెక్కించి 0 నుంచి 5 దాకా మార్కు వేయండి: 1-2 ఉంటే 1, 10 వరకు 2, 30 వరకు 3, 100 వరకు 4, ఆపైన 5.

పని అయ్యాక ఆ కుండీ మట్టిని పొలంలో పారబోయకండి. మళ్లీ ఆవిరి పట్టాకే బయటికి తీయండి.