రుబిడియం ప్రయోగానికి ముందు: కన్ను బీమ్ ఎత్తుకి దించకండి

ఈ మధ్య మన విశాఖలోనే ఒక ల్యాబ్‌లో ఒక రీసెర్చ్ స్కాలర్ కుడికంటి చూపు మధ్యలో మచ్చ పడింది. అది పోదని డాక్టర్ చెప్పేశారు. గాగుల్స్ లేక కాదు, చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. రుబిడియం ఆవిరి నింపిన గాజు సెల్‌లో రెండు లేజర్ బీములు కలుస్తున్నాయో లేదో చూద్దామని వాటిని తీసి వంగారు.

వానలతో పాటు కొత్త బ్యాచ్ ల్యాబుల్లోకి వస్తోంది కాబట్టి రాస్తున్నాను. లేజర్‌లోకి నేరుగా చూడకూడదని మీకు తెలుసు, అది మళ్లీ చెప్పను.

ఎందుకు వంగుతారు

ఈ ప్రయోగంలో రుబిడియం లేజర్ కాంతిని ఎలా శోషిస్తుందో చూసి దాని కేంద్రక స్పిన్ రాబడతారు. రుబిడియం-85 కేంద్రక స్పిన్ 5/2, రుబిడియం-87ది 3/2. కేంద్రకపు అయస్కాంత భ్రామకం వల్ల పరమాణువు భూస్థాయి (అతి తక్కువ శక్తి ఉన్న స్థాయి) రెండుగా చీలుతుంది: 85లో 3.036 గిగాహెర్ట్జ్, 87లో 6.835. స్పిన్ తెలిస్తే ఈ చీలికల నుంచి రెండు భ్రామకాల నిష్పత్తి దాదాపుగా వచ్చేస్తుంది. 87 భ్రామకం 85 దానికి రెండింతలకు కాస్త ఎక్కువ. ఇంతవరకు మామూలు శోషణ గ్రాఫ్‌లోనే దొరుకుతుంది. ఉత్తేజిత స్థాయి చీలికలు మాత్రం 500 మెగాహెర్ట్జ్ డాప్లర్ వెడల్పులో (పరమాణువుల కదలిక వల్ల గీత పరుచుకునే వెడల్పులో) మునిగిపోతాయి. వాటిని బయటికి తేవాలంటే పంప్ (బలమైన), ప్రోబ్ (బలహీనమైన) బీములు ఎదురెదురుగా వచ్చి సెల్‌లో ఒకదానిమీద ఒకటి పడాలి. కాస్త పక్కకి జరిగినా గ్రాఫ్‌లో పీకులు చిన్నబోతాయి. చీకటి పడుతుంటుంది, గైడ్ గ్రాఫ్ అడుగుతుంటారు, టెన్షన్. సరిగ్గా అప్పుడే గాగుల్స్ పైకి వెళ్తాయి, తల కిందికి వస్తుంది.

దించకండి. 780 నానోమీటర్ల కాంతి మసక ఎర్రచుక్కలా కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించదు కూడా. మసకగా ఉందంటే పవర్ తక్కువని కాదు, ఆ రంగుని మన కన్ను సరిగ్గా పట్టలేదని. కంటి కటకం మాత్రం ఆ బీమ్ మొత్తాన్నీ రెటీనా మీద 10–20 మైక్రాన్ల చుక్కగా కుదించేస్తుంది. వెలుగు మిరుమిట్లు గొలపదు కాబట్టి రెప్ప వాలదు. రెటీనాకి నొప్పి తెలియదు. కాలిన సంగతి కాలాక కూడా వెంటనే తెలియదు.

మరి ఎలా చూడాలి

ఐఆర్ (పరారుణ) కాంతిని కంటికి చూపించే ఐఆర్ కార్డు, ఐఆర్ వ్యూయర్ వాడండి. లేదంటే ఐఆర్ ఫిల్టర్ తీసేసిన పాత వెబ్‌క్యామ్‌ని సెల్ వైపు బిగించండి, రుబిడియం మెరుపు మానిటర్ మీద చక్కగా కనిపిస్తుంది. రెండు ఐరిస్‌లు (చిన్న రంధ్రపు తెరలు) పెట్టి, పవర్ బాగా తగ్గించి, బీములు వాటి గుండా పోయేలా అద్దాలు తిప్పితే వంగే అవసరమే రాదు. గాగుల్స్ మీద 780 కవర్ అయ్యే పరిధి, ఓడీ అంకె (కాంతిని ఎంత ఆపుతాయో చెప్పేది) అచ్చువేసి ఉన్నాయో చూడండి. గ్రీన్ లేజర్ గాగుల్స్ ఇక్కడ పనికిరావు. పెట్టుకున్నామన్న ధైర్యమే మిగులుతుంది.

వానాకాలం

30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే 26 డిగ్రీల దగ్గరే నీరు పడుతుంది. కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో లేజర్ డయోడ్‌ని 18 డిగ్రీలకి చల్లబరిస్తే దాని మీద నీరు పట్టినట్టే. ఏసీ నడిచి గది ఆరాకే డయోడ్ కూలర్ వేయండి.

ఇక మిగతావి:

కరెంటు పోగానే లేజర్ డ్రైవర్ (లేజర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) తాళం ఆఫ్‌కి తిప్పేయండి. తిరిగి వచ్చిన కరెంటుతో అదే ఆన్ కాకూడదు.

వాచీ, ఉంగరాలు, గాజులు తీసి లోపలికి రండి.

అలెన్ కీ కింద పడిందా? ముందు షట్టర్ మూయండి. తర్వాత వంగండి.

టేబుల్ పక్కన పొట్టి కుర్చీ ఉంచకండి. కూర్చుంటే కన్ను బీమ్ ఎత్తుకే వస్తుంది.

బీమ్ బ్లాక్ చేయకుండా అద్దం మార్చకండి. ఊడదీసిన అద్దం చేతిలో ఉండగా బీమ్ ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

సెల్ పగిలితే నీళ్లు పోయకండి. తేమ గాలి తగిలినా రుబిడియం అంటుకోగలదు.

ఒంటరిగా అలైన్‌మెంట్ వద్దు. రాత్రిపూట అసలు వద్దు.

తలుపు మీద లేజర్ హెచ్చరిక లైట్ వెలుగుతుంటే లోపలికి ఎవరినీ పిలవకండి, హెచ్‌ఓడీ గారినైనా సరే.

క్రాస్ఓవర్ పీకుని (రెండు అసలు పీకుల మధ్యలో వచ్చే అదనపు పీకుని) అసలు పీకు అనుకుని స్పిన్ తప్పు వచ్చిందా? రేపు సరిచేసుకోవచ్చు. దానికోసం ఈ రాత్రి గాగుల్స్ తీయకండి.

"ఒక్క సెకనే కదా" అన్నవాళ్లని చేయి పట్టి వెనక్కి లాగండి. సీనియర్ అయినా లాగండి.

కంటి ముందు చిన్న మచ్చ, గీతలు వంకరగా కనిపించడం, ఏది జరిగినా అదే రోజు రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బండి మీరు నడపకండి. లేజర్ తరంగదైర్ఘ్యం, పవర్ కాగితం మీద రాసి తీసుకెళ్లండి. నొప్పి లేదని రేపటికి వాయిదా వేయకండి.